"అమ్మా, నా రాశి మార్చుకోవచ్చా?"

మీకు రొమ్ము క్యాన్సర్ అని తేలిందనీ, ఏడేళ్ళ పాపకు చెప్పాలో, పెద్దవాళ్ళు అంటున్నట్లు ఊరికి వెళ్తున్నానని నమ్మించాలో తెలియడం లేదనీ అడిగారు. చెప్పండి. జబ్బు పేరు పెట్టి చెప్పండి. నేను రెండు నెలలు దాచి చూశాను, అందుకే ఇంత గట్టిగా అంటున్నాను.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశాలో కలిసిన ఊరు. ఇంట్లో తెలుగు, పిల్లల బడిలో ఒడియా. నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలేనాటికి మా చిన్నమ్మాయికి ఎనిమిదేళ్ళు. "అమ్మకు గడ్డ లేచింది, డాక్టరు తీసేస్తారు" అన్నాం, అంతే. ఆపరేషన్ తరువాత 21 రోజులకు ఒకసారి గుణుపురం నుంచి వచ్చే రైలెక్కి విశాఖ వెళ్ళి, ఎర్రమందు, అంటే ఎర్రగా ఉండే కీమో మందు, ఎక్కించుకుని వచ్చేదాన్ని. మూడో వారానికి జుట్టు కుచ్చులుగా ఊడింది. పిల్ల ఏమీ అడగలేదు. అడగలేదు కాబట్టి తెలియలేదనుకున్నాం.

అది నా పక్కన పడుకోవడం మానేసింది. ముద్ద కలిపి పెడితే తినేది కాదు. ఒక రాత్రి గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది, "అమ్మా, నా రాశి మార్చుకోవచ్చా?" అని.

బడిలో ఎవరో "మీ అమ్మకు కర్కట రోగమట" అన్నారు. ఒడియాలో క్యాన్సర్‌ను అలాగే అంటారు. ఉగాదినాడు మామయ్యగారు పంచాంగం చదువుతూ "నీది పుష్యమి, కర్కాటక రాశి" అని చెప్పారు. పిల్ల రెండూ కలిపేసుకుంది. రోగం తన వల్లే వచ్చిందని, దగ్గరకు వస్తే ఇంకా పెరుగుతుందని అన్ని రోజులూ ఒక్కతే మోసింది.

ఆ రాత్రే అన్నీ చెప్పాను. కర్కటమంటే పీత. గడ్డ చుట్టూ ఉబ్బిన రక్తనాళాలు పీత కాళ్ళలా కనిపించాయని పూర్వపు గ్రీకు వైద్యులు ఆ పేరు పెట్టారట. నీ రాశికీ దీనికీ పేరొక్కటే కలిసింది, నువ్వు ఏమీ చేయలేదు, ముట్టుకుంటే అంటుకోదు అన్నాను. చచ్చిపోతావా అంటే, "తగ్గడానికే ఇంత బలమైన మందు ఇస్తున్నారు. ఏదైనా మారితే నీకు దాచను" అన్నాను. తగ్గిపోతుందని ఒట్టు మాత్రం వేయలేదు, మీరూ వేయకండి.

అసలు మన ఇళ్ళలో రొమ్ము అన్న మాటే నోట రాదు. ఛాతీలో గడ్డ అంటాం. ఆ సిగ్గుతోనే నాలుగు నెలలు మా ఆయనకు కూడా చెప్పలేదు నేను. పైగా చూడటానికి వచ్చిన ఒక బంధువు నాకు వేరే గ్లాసు పెట్టమన్నారు, అదీ పిల్లల ముందే! ఆ మాటకు ఇప్పటికీ నా కడుపు మండుతుంది. నిజానికి జాగ్రత్త అవసరమైంది నాకు, పిల్లలకు కాదు. మందు ఎక్కించిన వారం, రెండు వారాల్లో తెల్ల రక్తకణాలు పడిపోతాయి. అప్పుడు పిల్లలకు జలుబు చేస్తే కాస్త దూరంగా ఉండమనాలి. ఎందుకో కూడా చెప్పాలి, లేకపోతే అమ్మకు తామంటే ఇష్టం పోయిందనుకుంటారు.

ఇంకొకటి. ఆసుపత్రికి వెళ్ళే రోజు పాపకు జడ ఎవరు వేస్తారో ఇప్పుడే తేల్చి, ఆ మాట పాపకు చెప్పండి. మా అమ్మాయి ఆ రాత్రి చావు గురించి అడగడానికి ముందు అడిగింది అదే.