'అందరూ పాస్ కాలేదు' అంటే ఎంతమంది?

సందేహం: లెక్కల పరీక్షలో 'అందరూ పాసయ్యారు' అనే ప్రవచనానికి నిషేధం (అంటే అది నిజం కాదని చెప్పే వాక్యం) రాయమంటే మా అమ్మాయి 'అందరూ పాస్ కాలేదు' అని రాసింది. మాస్టారు కొట్టేసి 'కనీసం ఒక్కరు పాస్ కాలేదు' అని దిద్దారు. తెలుగులో ఏది సరైంది?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: మీ అమ్మాయి తెలుగు మార్కు పోయేంత తప్పు కాదండీ. 'గుంటూరు నుంచి బెజవాడ వెళ్లే బస్సులన్నీ మంగళగిరిలో ఆగవు' అంటే ఒక్క బస్సూ ఆగదని ఎవరూ అనుకోరు. 'తెల్లనివన్నీ పాలు కావు' అంటాం, పాలు తెల్లనివే కదా! అసలు ఒక్కటీ కాదని చెప్పాలంటే మనకు 'ఎవరూ', 'ఏదీ' విడిగా ఉన్నాయి.

అయినా మాస్టారి అనుమానం ఉత్తది కాదు. మిరపకాయల కుప్ప చూపించి 'ఇవన్నీ బాగాలేవు' అంటే మాత్రం కుప్పంతా పనికిరాదనే అర్థం. నిజమో అబద్ధమో తేల్చగలిగే వాక్యమే లెక్కల్లో ప్రవచనం. రెండర్థాలు వచ్చేదాన్ని ఎలా తేలుస్తాం?

ఆయన దిద్దిన వాక్యంలో ఇంకో చిక్కుంది. 'ఒక్కరు' కాస్తా 'ఒక్కరూ' అయితే క్లాసంతా ఫెయిలే!

ఆ దీర్ఘం దగ్గరే కాసేపు ఆగుదాం. 'రవీ, రమా పాసయ్యారు' అన్నప్పుడు పేర్లను కలుపుతున్నది చివరి దీర్ఘమే. 'అందరూ'లోని 'ఊ' చేసేదీ అదే పని, క్లాసులో పేర్లన్నీ వరసపెట్టి కలిపినట్టు. మరి 'రవీ, రమా పాసయ్యారు' అన్నది అబద్ధమైతే? 'రవో, రమో పాస్ కాలేదు' అంటాం. దీర్ఘం పోయి 'ఓ' వచ్చింది చూశారా! (లెక్కల్లో ఇద్దరూ తప్పినా ఈ మాట నిజమే.) 'మరియు'తో కలిపినదాన్ని కాదంటే 'లేదా' వస్తుందనే సూత్రం ఇదే, బ్రిటిష్ గణితవేత్త డీ మోర్గాన్ పేరుతో ఉన్నది. ఆయన 1806లో మన పక్కనున్న మదురైలోనే పుట్టారు. ఆయన సూత్రం మన నోట్లో రోజూ ఇలా ఆడుతుండటం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

కాబట్టి 'అందరూ'కి ఎదురుగా 'ఎవరో ఒకరు పాస్ కాలేదు' అని రాయొచ్చు. అందులోనూ అదే 'ఓ'. కాకపోతే సరిగ్గా ఒక్కరే తప్పారని కొందరు అనుకునే వీలుంది. 'కొందరు పాస్ కాలేదు' అనీ రాస్తుంటారు గానీ, తప్పింది ఒక్కరే అయితే వాళ్లను మనం 'కొందరు' అనం. పరీక్షలో 'పాస్ కానివాళ్లు ఒక్కరైనా ఉన్నారు' అని రాయమనండి. దీన్ని ఇంకోలా చదవడానికి లేదు.