గుంటల లెక్కకు గుంటల పేరే పెట్టు

నల్లగొండ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎక్స్‌టెన్షన్, అదే క్రోమ్ బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం, చూసిన. పేజీలో ఎకరాలు, గుంటలున్న అంకెను మౌస్‌తో సెలెక్ట్ చేస్తే పక్కనే సెంట్లలో చూపిస్తది. పని చక్కగా ఉంది బిడ్డా. పేరు మాత్రం క్రోమ్ వెబ్ స్టోర్‌లో పెట్టకముందే మార్చు. ‘స్మార్ట్ ల్యాండ్ ప్రో’లో మూడు మాటలున్నయి, ఒక్కటి కూడా అది చేసే పని చెప్పదు.

‘ఎకరాల లెక్క’ అంటే సరిపోదా అని అడిగినవు. సరిపోదు. మన దిక్కు ఎకరానికి 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు. పహాణీలో, అంటే భూమి రికార్డులో, 2.15 అని ఉంటే మనకు అది 2 ఎకరాల 15 గుంటలు, అంటే 2 ఎకరాల 37.5 సెంట్లు. కోదాడ దాటి జగ్గయ్యపేటకు పోతే అదే అంకెను 2 ఎకరాల 15 సెంట్లని చదువుతరు. తేడా 22.5 సెంట్లు. మన లెక్కల 9 గుంటలు, 1,089 చదరపు గజాలు. నీ ఎక్స్‌టెన్షన్ చుక్క తర్వాతి అంకెను గుంటలుగానే తీసుకుంటది కాబట్టి ఆ సంగతి పేరులోనే కనబడాలె. వివరణ చదివేటోళ్లు తక్కువ. ‘గుంట’ అన్న మాట పేరులో లేకుంటే సెంట్ల లెక్క తెలిసిన మనిషి తప్పు జవాబు తీసుకొని పోతడు.

‘కొలత’, ‘సర్వే’ అనకు. భూమి కొలిచేది సర్వేయరు. నీది మార్పిడి ఒక్కటే. ‘కాలిక్యులేటర్’ అన్నా అంకెలు కొట్టే డబ్బాల కోసం వెతికి, దొరకక తీసేస్తరు. సర్కారు భూరికార్డుల పోర్టళ్ల పేర్లు ‘ధరణి’, ‘భూభారతి’ అయితే అసలే వద్దు. సర్కారుదే అనుకొని నమ్ముతరు, అట్ల నమ్మించే పేర్లను స్టోర్ కూడా ఒప్పుకోదు. పైగా 2020లో ధరణి వచ్చె, 2025లో భూభారతి వచ్చె. పోర్టల్ పేరు మారితే నీ పేరు పాతబడ్డట్టే.

నాకు ‘గుంటల నుంచి సెంట్లకు’ నచ్చింది. ఏది తీసుకుంటదో, ఏది ఇస్తదో రెండూ ఉన్నయి. రేపు హెక్టార్లు కలుపుతనని ఇవ్వాళే పేరులో పెట్టకు. ఇప్పుడు పనిచేసేదే రాయి.

పొడవు కూడా చూసుకో. క్రోమ్‌లో పేరుకు 75 క్యారెక్టర్ల హద్దు, జాగ తక్కువున్న చోట కనబడే చిన్న పేరు 12 లోపు ఉంటే మంచిది, వివరణ 132 దాటొద్దు. తెలుగులో గుణింతం, సున్నా, ఒత్తు అన్నీ వేరువేరుగా లెక్కకొస్తయి. ‘సెంట్లు’ కంటికి రెండక్షరాలే, లెక్కకు ఏడు: స, ఎత్వం, సున్నా, ట, పొల్లు, ల, కొమ్ము. నేను చెప్పిన పేరు ఖాళీలతో కలిపి 20, ఇబ్బంది లేదు. చిన్న పేరుకు ‘గుంట–సెంటు’ పెట్టు, 10 అయితది.

మనోళ్లు చాలామంది ఇంగ్లీషు అక్షరాలతోనే వెతుకుతరు. అందుకని భాషల వారీగా మాటలుండే లొకేల్స్ ఫోల్డర్‌లో తెలుగుకొకటి, ఇంగ్లీషుకొకటి మెసేజెస్ ఫైలు పెట్టి, రెండు పేర్లకూ అర్థం ఒకటే ఉండేటట్టు చూడు. ఎక్స్‌టెన్షన్ వివరాలుండే మానిఫెస్ట్ ఫైలులో డిఫాల్ట్ లొకేల్, అంటే అసలు భాష ఏదో, రాయకుంటే క్రోమ్ దాన్ని లోడే చెయ్యదు. వెతుకులాటలో పైకి రావాలని పేరు వెనక ‘భూమి, ప్లాటు, పహాణీ, రిజిస్ట్రేషన్’ అని తోక తగిలియ్యకు, దాన్ని స్టోర్ స్పామ్ కింద తీసుకుంటది.

అప్‌లోడ్ చేసే ముందు తహసీల్ ఆఫీసు బయట దరఖాస్తులు టైపు చేసేటోళ్ల దగ్గరికి పో. కాగితం మీద పేరొక్కటే రాసి చూపించి ‘ఇది ఏం చేస్తది?’ అని ముగ్గురిని అడుగు. నువ్వు నోరు విప్పకు. ఒక్కరు ‘భూమి కొలుస్తది’ అన్నా పేరు మళ్లీ చూసుకోవాలె.

తర్వాత ఎప్పుడన్నా మార్చాల్సి వస్తే భయపడకు. మానిఫెస్ట్‌లో పేరు మార్చి, వర్షన్ నంబరు పెంచి పంపితే సరి. స్టోర్ ఇచ్చిన 32 అక్షరాల ఐడీ అదే ఉంటది, వాడేటోళ్లు పోరు. పాత పేరును మాత్రం కొన్ని నెలలు వివరణలో ఉంచు, దాంతో వెతికేటోళ్లుంటరు.

నీ పెద్దనాయన