ఫోర్ వీల్ లీవర్ బిగుసుకుంటే మొదట టైర్లు చూడండి

గుణుపురం మిత్రులకు నమస్కారం. మీ పాత మహీంద్రా జీపులో ఫోర్ వీల్ వేసి తారు రోడ్డు మీద మలుపు తిప్పితే స్టీరింగ్ బరువెక్కుతోందనీ, తర్వాత లీవర్ వెనక్కి రావడం లేదనీ రాశారు. ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ఇంజిన్ బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే గేర్ల పెట్టె, విప్పకండి! ఈ బండ్లలో ఫోర్ వీల్ వేస్తే ఆ పెట్టె నుంచి యాక్సిళ్లకు వెళ్లే ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు ఒకే వేగంతో తిరగాల్సిందే. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోతాయి. మట్టిలో టైరు జారి సర్దుకుంటుంది, తారు మీద ఆ బిగువంతా గేర్ల మీద పడుతుంది. కొంచెం రివర్స్ చేస్తే లీవర్ వదులుతుంది.

తిన్నగా వెళ్లినా బిగుస్తుంటే నాలుగు టైర్లూ ఒకే సైజువా, ఒకేలా అరిగాయా చూడండి. ముందు యాక్సిల్ పాత సామాను కొట్టులో కొన్నానన్నారు. నా అనుమానమంతా దాని మీదే, దాని లోపలి గేర్ల నిష్పత్తి వెనక యాక్సిల్‌తో కలవడం లేదేమో. ఫోర్ వీల్ తీసేసి, ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో పెట్టి, ముందు ఒక చక్రం లేపి రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. వెనకా అలాగే చేయండి. లెక్కలు కలవకపోతే యాక్సిల్ గానీ, అందులోని గేర్లు గానీ మార్చాల్సిందే.

చక్రం లేపేటప్పుడు హ్యాండ్ బ్రేకును నమ్మకండి. ఈ జీపుల్లో చాలావాటికి అది వెనక షాఫ్టునే పడుతుంది, కాబట్టి దాన్ని వదిలేసి నేల మీదున్న చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. పర్లాకిమిడి వైపు మహేంద్రగిరి ఎక్కే ఆలోచన అప్పటిదాకా ఆపండి.