రిమోట్ కారు బాడీకి రంగులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఆర్‌సీ కార్ల బాడీ పెయింటింగ్ గురించి అందిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం 1:10 సైజు (అసలు కారులో పదో వంతు) పారదర్శక లెక్సాన్ బాడీలవే. వీటికి రంగు లోపలి వైపు నుంచి వేస్తారు, బయటికి ప్లాస్టిక్ గుండా కనిపిస్తుంది. క్రాలర్ల (రాళ్లూ గుట్టలూ ఎక్కే ఆర్‌సీ బండ్ల) హార్డ్ ప్లాస్టిక్ బాడీ గురించీ ఒక ప్రశ్న ఉంది.

ప్ర: హార్డ్‌వేర్ షాపులో ఎర్ర స్ప్రే డబ్బా కొని బాడీకి లోపలి వైపు కొట్టాను. ఆరాక బ్రహ్మాండంగా మెరిసింది. మొదటి రోజే గోడకు తగిలింది. బంపర్ దగ్గర రంగంతా పెచ్చులుగా రాలిపోయింది. బాడీ కడగకుండా కొట్టడం వల్లేనా? (విశాఖపట్నం)

జ: కడగకపోవడం ఒక కారణం. అసలు దోషం మాత్రం డబ్బాది. లెక్సాన్ అంటే పాలికార్బొనేట్. కారు గుద్దుకున్న ప్రతిసారీ అది వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఇనుప గేటుకో చెక్క తలుపుకో వేసే రంగు ఆరాక గట్టిపడుతుందే గానీ వంగదు. షీటు వంగినప్పుడు దాని మీది పొర పగులుతుంది, పగిలిన చోట పట్టు వదిలేస్తుంది. పాలికార్బొనేట్ కోసం చేసిన స్ప్రేలో ఉండే ద్రావకం ప్లాస్టిక్ పైపొరను కాస్త మెత్తబరచి, రంగును దానికి కరిపిస్తుంది. ఆరాక కూడా ఆ రంగుకు సాగే గుణం ఉంటుంది.

టామియా కంపెనీ డబ్బాలు కొనేవాళ్లు అక్షరాలు చూసుకోవాలి. లెక్సాన్‌కు పీఎస్ వరుస, హార్డ్ ప్లాస్టిక్‌కు టీఎస్ వరుస. షాపులో రెండూ పక్కపక్కనే ఉంటాయి, మూత రంగు చూసి టీఎస్ తెచ్చుకునేవాళ్లు చాలామంది. టీఎస్ వేసినా మీకు జరిగిందే జరుగుతుంది.

ఇక కడగడం. షీటును వేడిచేసి అచ్చు మీద బాడీగా మలిచినప్పుడు అంటిన జిడ్డు లోపల ఉంటుంది, దాని మీద మన వేలిముద్రలు పడతాయి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి, మెత్తటి స్పాంజితో లోపలంతా రుద్దండి. కారు ముక్కు దగ్గరి మూలలు, స్పాయిలర్ కింది మడతలు వదలకండి, రంగు ముందు లేచేది అక్కడే. రెండుసార్లు మంచి నీళ్లతో కడిగి, నీడలో బోర్లించి ఆరబెట్టండి. గుడ్డతో తుడిస్తే నూగు అంటుకుంటుంది. ఆరాక లోపలి వైపు చేయి పెట్టకండి, అంచులే పట్టుకోండి.

ఇప్పుడున్న రంగు తీయడానికి తేలికైన దారి ప్యాకింగ్ టేప్. గట్టిగా అదిమి ఒక్క ఊపున లాగితే, పట్టులేని రంగు టేపుతోపాటే వచ్చేస్తుంది. మిగిలిన మచ్చలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో ఓపిగ్గా రుద్దండి. థిన్నర్, అసిటోన్, పెట్రోల్ ముట్టుకోవద్దు. వాటితో షీటు పాలలా తెల్లబడుతుంది, కంటికి కనపడని సన్నటి పగుళ్లు పడతాయి. తర్వాత చిన్న దెబ్బకే బాడీ విరుగుతుంది.

ప్ర: ఫ్లోరసెంట్ పసుపు వేసి, వెనక నలుపు వేశాను. బయట నుంచి చూస్తే పచ్చిగడ్డి రంగులో, మురికిగా ఉంది. డబ్బా నాసిరకమా? (కరీంనగర్)

జ: డబ్బాలో లోపం లేదు. లోపలి నుంచి వేస్తున్నాం కాబట్టి, అందరికీ కనపడేది మీరు కొట్టిన మొట్టమొదటి కోటు. తర్వాత వేసేవన్నీ దాని వెనక నిలబడే గోడలు. ఫ్లోరసెంట్ రంగులకు కప్పే శక్తి తక్కువ. వెలుతురు వాటిని దాటి వెళ్లి, వెనక ఉన్నదాన్ని తాకి తిరిగొస్తుంది. వెనక నలుపు ఉంటే తిరిగి రావడానికి ఏమీ ఉండదు. పసుపు వెనక నలుపు చేరితే ఆకుపచ్చ ఛాయ తప్పదు.

పీఎస్-27 ఫ్లోరసెంట్ పసుపు అనుకుందాం. నాలుగైదు పల్చటి కోట్లు వేసి, బాడీ లోపల మొబైల్ టార్చి వెలిగించి బయట నుంచి చూడండి. మబ్బు మచ్చల్లా ఎక్కువతక్కువలు కనిపిస్తే ఇంకో కోటు కావాలి. అంతా సమంగా ఉంటే పీఎస్-1 తెలుపు రెండు మూడు కోట్లు. చాలామంది ఇక్కడ ఆపేస్తారు. లోపల బ్యాటరీ, తీగలు నీడలా కనపడకూడదంటే తెలుపు వెనక పీఎస్-12 సిల్వర్ ఒక కోటు వేసి, దాని వెనక నలుపు వేసుకోవచ్చు. సిల్వర్‌లోని అల్యూమినియం రేణువులు పరుచుకుని వెలుతురును అడ్డుకుంటాయి కాబట్టి, నలుపు తెలుపు మీదికి రాదు.

లేత ఎరుపు, నారింజ, పసుపు, లేత నీలం అన్నిటికీ ఇదే పద్ధతి. మెటాలిక్ రంగులకు వెనక నలుపు వేస్తే లోతు వస్తుంది, సిల్వర్ వేస్తే తళుకు పెరుగుతుంది. పీఎస్-37 లాంటి పారదర్శక ఎరుపు వెనక సిల్వర్ వేస్తే చక్కెరపాకం పోసినట్టు మెరుస్తుంది. అదే వెనక తెలుపు వేస్తే మామూలు ఎరుపే. ముదురు నీలం, నలుపులకు వెనక ఏమీ అక్కర్లేదు.

రెండు మూడు రంగుల డిజైన్ అయితే ముదురుది ముందు, లేతది తర్వాత. నలుపు వెనక పసుపు పడినా ఎవరికీ కనపడదు. పసుపు వెనక నలుపు పడితే ఏమవుతుందో మీరు చూశారు.

190 మి.మీ. వెడల్పు టూరింగ్ (రోడ్డు కారు) బాడీ మొత్తానికి ఒక రంగు కావాలంటే 100 మి.లీ. డబ్బా ఒకటి పట్టుకోండి. వెనక తెలుపుకు సగం డబ్బా సరిపోతుంది.

ప్ర: గీతల డిజైన్ వేస్తే టేపు అంచుల కిందికి రంగు పాకుతోంది. లిక్విడ్ మాస్క్ కొనమంటున్నారు. నిజంగా తేడా ఉంటుందా? (గుంటూరు)

జ: తిన్నని గీతలకు టేపే మేలు. మంటలు, వంకరలు, అక్షరాలు ఉంటే లిక్విడ్ మాస్క్, అంటే పూసి ఆరబెడితే ఊడదీయగలిగే పొరగా మారే ద్రవం.

టేపు కింద రంగు పాకడానికి ముఖ్య కారణం మొదటి కోటు తడిగా పడటం. తడిరంగు అంచు కింది సందులోకి తనంతట తనే ఎక్కుతుంది. టేపు అంచు వెంట గోరుతోనో ఐస్‌క్రీం పుల్లతోనో గట్టిగా అదమండి. బాడీ గీతలు, తలుపు అంచులు దాటే చోట మళ్లీ అదమండి, పాకేది అక్కడే. మొదటి కోటు మంచు చల్లినట్టు, రంగు పడిందా లేదా అన్నట్టుండాలి. అది పది నిమిషాలు ఆరితే అంచు మూసుకుపోతుంది. ఆ తర్వాత మిగతా కోట్లు. స్ప్రే ఎప్పుడూ బాడీ బయట మొదలుపెట్టి బాడీ మీదుగా తీసుకెళ్లి బయటే ఆపండి. బాడీ మీద ఆగితే అక్కడ రంగు కారుతుంది.

టేపును మర్నాటి దాకా ఉంచకండి. చివరి కోటు చేతికి అంటని స్థితికి రాగానే, టేపును వెనక్కి మడిచి తన మీదుగానే మెల్లగా లాగండి. నిటారుగా పైకి లాగితే రంగు అంచు చిరుగుతుంది.

లిక్విడ్ మాస్క్ అయితే లోపలంతా మూడు నాలుగు కోట్లు, ఒకటి ఆరాక మరొకటి వేసి రాత్రంతా వదిలేయండి. తడిగా ఉన్నప్పుడు పాలలా ఉండి, ఆరాక తేటగా మారుతుంది. ఎక్కడైనా తెలుపు మిగిలితే ఇంకా ఆరలేదన్నమాట. పొర పల్చగా ఉంటే తీసేటప్పుడు ముక్కలు ముక్కలుగా తెగుతుంది. ఆరిన పొరను డిజైన్ గీతల వెంట కొత్త బ్లేడుతో, దాని బరువు మాత్రమే ఆనేలా కోసి, రంగు పడాల్సిన చోట ఊడదీయండి. నొక్కితే లెక్సాన్ మీద గాటు పడుతుంది. రంగు వేశాక ఆ గాటు కనపడదు, కానీ కారు గుద్దుకున్న రోజు పగులు సరిగ్గా ఆ గీత వెంటే వెళుతుంది.

కాస్త పాకిన చోట టూత్‌పిక్ కొనను చెక్కి, పొడిగానే మెల్లగా గీకండి. పల్చటి రంగు లేచొస్తుంది, షీటుకు గీత పడదు. తర్వాతి రంగు కొట్టకముందే ఈ పని అయిపోవాలి.

ప్ర: వర్షాకాలంలో రంగు మసకబారుతోంది. ఎండాకాలంలో గరుగ్గా వస్తోంది. ఎప్పుడు కొట్టాలి మరి? (కాకినాడ)

జ: రెండూ వేర్వేరు తప్పులు. ముసురు పట్టినప్పుడు ద్రావకం ఆవిరవుతూ రంగు పొరను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ ఆ తడిరంగు మీద చేరి తెల్లటి మసక వదులుతుంది. తేమ 70 శాతం దాటిన రోజు డబ్బా తీయకపోవడమే మంచిది. వాన వెలిసి ఎండ వచ్చిన మధ్యాహ్నం చూసుకోండి.

మే నెల మధ్యాహ్నం దీనికి తలకిందులు. రంగు తుంపరలు బాడీని చేరేలోపే గాలిలో ఆరిపోయి పొడిలా పడతాయి. లెక్సాన్‌లో ఆ గరుకు బయటికి సన్నటి చుక్కలుగా కనిపిస్తుంది. మామూలుగా 25 సెం.మీ. దూరం నుంచి కొట్టేవాళ్లు 18–20కి తగ్గండి, పొద్దున్నే పని పెట్టుకోండి. చలికాలంలో డబ్బాను గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచితే తుంపర సన్నబడుతుంది. ఎండాకాలంలో ఆ పని అనవసరం. పొయ్యి దగ్గర ఏ కాలంలోనూ పెట్టకండి.

ఏసీ గదిలో తలుపులు మూసుకుని కొట్టొచ్చా అని ఇంకొకరు అడిగారు. కొట్టొద్దు. ఆ ఆవిరి మండుతుంది, తల తిప్పుతుంది. ఎన్95 మాస్కు తుంపరను ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు వాడండి.

ప్ర: అద్దాలు లేత నలుపులో రావాలంటే? (హైదరాబాద్)

జ: బాడీ రంగు, వెనక కోట్లు అన్నీ పూర్తయ్యాక అద్దాల మాస్కులు తీసేసి, లోపలంతా పీఎస్-31 స్మోక్ రెండు పల్చటి కోట్లు కొట్టండి. వెనక రంగు దట్టంగా ఉంటే స్మోక్ దాని మీద పడినా బయటికి తెలియదు. మూడో కోటుకు అద్దాలు దాదాపు నల్లబడతాయి, ఆగి చూసి కొట్టండి. బయటి రక్షణ ఫిల్మ్ అప్పటిదాకా తీయకండి.

ప్ర: బాడీ పోస్టుల (బాడీని చాసిస్ మీద నిలిపే కడ్డీల) రంధ్రాల దగ్గర, చక్రాల వంపుల దగ్గర పగుళ్లు వస్తున్నాయి. (వరంగల్)

జ: రంధ్రాలను వేడి స్క్రూడ్రైవర్‌తోనో కత్తెర మొనతోనో పొడిచి ఉంటారు. రంగు వేయకముందే, పారదర్శకంగా ఉండగానే బాడీని చాసిస్ మీద పెట్టి పోస్టులు తగిలే చోట ఫిల్మ్ మీద మార్కర్‌తో గుర్తు పెట్టండి. రంగు పడ్డాక లోపలివేవీ కనపడవు. బాడీ రీమర్‌ను (రంధ్రాన్ని కొద్దికొద్దిగా పెద్దది చేసే మొనదేలిన పనిముట్టును) మెల్లగా తిప్పుతూ, పోస్టు దూరేంత వరకే పెద్దది చేయండి. 1:10 కార్లలో అది సాధారణంగా 6 మి.మీ. ఉంటుంది.

చక్రాల వంపులకు వంపు కత్తెర వాడండి. కత్తెర ఆగిన చోట సూదిమొన లాంటి గాటు మిగలకూడదు. అంచులను 400 నంబరు సాండ్‌పేపర్‌తో నున్నగా చేయండి. ఇప్పటికే పగిలిన చోట పగులు చివర 2 మి.మీ. రంధ్రం వేస్తే అది ముందుకు పాకదు. తర్వాత లోపలి వైపు, గోడల జాయింట్లకు వాడే ఫైబర్‌గ్లాస్ జాలీ టేపు ముక్క పెట్టి, దాని మీద షూ గూ (బూట్ల మరమ్మతుకు వాడే, ఆరాక రబ్బరులా వంగే జిగురు) పల్చగా పూయండి. రంగు కనీసం 24 గంటలు ఆరి ఉండాలి. ఫెవిక్విక్ లాంటి జిగురు ఇక్కడ పనికిరాదు. గట్టిపడి విరుగుతుంది, దాని ఆవిరికి పక్కనంతా తెల్లబడుతుంది.

కొత్త బాడీకి కూడా ముందు బంపర్ మూలల్లో, పోస్టుల చుట్టూ ఇలా జాలీ వేసుకుంటే బరువు కొద్దిగా పెరుగుతుంది. పందేలకు వెళ్లనివాళ్లు ఆ బరువు గురించి ఆలోచించనక్కర్లేదు.

ప్ర: మా బావ డాలస్ నుంచి వస్తున్నాడు. స్ప్రే డబ్బాలు తెమ్మనవచ్చా? (విజయవాడ)

జ: వద్దు. మండే గుణమున్న స్ప్రే పెయింట్ క్యాబిన్ బ్యాగులోనూ చెక్-ఇన్ సామానులోనూ కుదరదు. బదులుగా లెక్సాన్‌కు వాడే నీటి ఆధారిత ఎయిర్‌బ్రష్ రంగులు తెమ్మనండి. మండేవి కావని రాసున్న సీసాలైతే చెక్-ఇన్‌లో వేసుకోవచ్చు, ఎయిర్‌లైన్‌ను ముందుగా అడగమనండి. మీకు ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చల్లే చిన్న గన్) ఉండాలి: 0.3 నుంచి 0.5 మి.మీ. నాజిల్, 20–30 పీఎస్ఐ ఒత్తిడి. ప్రతి కోటునూ హెయిర్ డ్రయర్‌తో దూరం నుంచి ఆరబెట్టి తర్వాతిది వేయాలి.

ప్ర: క్రాలర్‌కు హార్డ్ బాడీ కొన్నాను. ఇదీ లోపలి నుంచేనా? (తిరుపతి)

జ: కాదు, బయట నుంచే. ఇక్కడ వరుస కూడా తిరగబడుతుంది: ప్రైమర్, రంగు, క్లియర్ (రంగులేని పైపూత). సబ్బుతో కడిగి, 600 నంబరు తడి సాండ్‌పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్ రెండు కోట్లు వేయండి. ఎరుపు, పసుపులకు తెల్ల ప్రైమర్, మిగతావాటికి బూడిద రంగుది. తర్వాత టీఎస్ రంగు, చివర టీఎస్-13 క్లియర్. పీఎస్ డబ్బా దీని మీద వాడకండి, అది లెక్సాన్ కోసం చేసిన రంగు. హార్డ్‌వేర్ షాపు స్ప్రే అయితే ప్రైమర్ మీద నిలబడుతుంది, ముందు బాడీ అడుగున ఒక మూల కొట్టి చూసుకోండి. నీళ్లలో నానబెట్టి అంటించే డెకాల్స్ మీద క్లియర్ దట్టంగా కొడితే ముడతలు పడతాయి. మొదటి రెండు కోట్లు చల్లినట్టే ఉండాలి.

ప్ర: స్టిక్కర్ల కింద గాలి బుడగలు పోవడం లేదు. (నిజామాబాద్)

జ: ఫిల్మ్ తీశాక, స్ప్రే సీసాలో నీళ్లు పోసి ఒక్క చుక్క సబ్బు కలిపి బాడీ మీద చల్లండి. స్టిక్కర్ ఆ తడి మీద జరుగుతుంది కాబట్టి సరైన చోటికి తెచ్చుకోవచ్చు. మధ్య నుంచి అంచులకు ప్లాస్టిక్ కార్డుతో నీళ్లు తోసేయండి, కార్డుకు మెత్తటి గుడ్డ చుట్టడం మరవకండి. వంపుల మీద హెయిర్ డ్రయర్‌తో కాస్త వెచ్చబరిచి సాగదీయండి. మూలలను గుండ్రంగా కత్తిరించి అంటిస్తే త్వరగా లేవవు. కారు నడపడం మర్నాడే.