ఒకే కొలనోస్కోపీలో 45380, 45385 రెండూ వేయొచ్చా?

అమెరికా మెడికల్ బిల్లింగ్‌లో కొలనోస్కోపీకి (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) 45380 అంటే బయాప్సీ, అంటే ఫోర్సెప్స్ (చిన్న పట్టకారు) లాంటి దానితో ముక్క తీయడం. 45385 అంటే స్నేర్‌తో (వైరు ఉచ్చు) పాలిప్ (పేగు గోడ మీద పెరిగే చిన్న కండ) తీయడం. రెండూ వేయొచ్చు. కానీ మీ ప్రశ్న చూస్తే రిపోర్టు పైన ఉన్న ప్రొసీజర్ పేరు చూసి కోడ్ వేస్తున్నట్టున్నారు, మొదట్లో నేనూ అదే చేసేవాణ్ణి. 'కొలనోస్కోపీ విత్ బయాప్సీ అండ్ పాలిపెక్టమీ' అని తాటికాయంత అక్షరాలతో ఉంటుంది. దాన్ని వదిలేసి కింద ఒక్కో పాలిప్ ఎక్కడుంది, దేనితో తీశారు అన్నది చదవండి.

బెజవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చిన్న ఆఫీసులో అమెరికా ఫైళ్లు చేసేవాణ్ణి. మూడో నెలలోనే ఆడిట్‌లో దొరికిపోయాను. డాక్టరు ముందు ఫోర్సెప్స్‌తో చిన్న ముక్క తీసి, తర్వాత స్నేర్ వేసి పాలిప్ మొత్తం తీసేశారు. నేను రెండు కోడ్లూ వేసి, 45380కి 59 (ఇది వేరే చోట చేసిన పని అని చెప్పే మాడిఫైయర్) తగిలించి దర్జాగా పంపేశాను. మా లీడ్ అక్క రెండు లైన్లలోనూ ఉన్న 'సిగ్మాయిడ్, 8 మి.మీ.' మీద వేలు పెట్టి, "ఇక్కడ పాలిప్పులు ఎన్నిరా?" అంది. ఒక్కటే! అంటే 45385 ఒక్కటే రావాలి.

మీరు చెప్పిన కేసులో ట్రాన్స్‌వర్స్ కోలన్‌లో 3 మి.మీ.ది ఫోర్సెప్స్‌తో, సిగ్మాయిడ్‌లో 9 మి.మీ.ది స్నేర్‌తో తీశారు కాబట్టి చోట్లు వేరు. 45385 వేసి, 45380కి మాడిఫైయర్ 59 పెట్టండి. 59 దేనికి పెట్టాలో తారుమారు చేస్తే కొన్ని ఇన్సూరెన్స్‌లలో డినయల్ (క్లెయిమ్ తిరస్కరణ) రావొచ్చు.

ఇంకోటి, స్నేర్‌తో ఐదు పాలిప్పులు తీసినా 45385 ఒక్కసారే. కోల్డ్ ఫోర్సెప్స్‌తో పాలిప్ పూర్తిగా ఊడొచ్చినా 45380నే, 45384 కాదు, అది హాట్ బయాప్సీ ఫోర్సెప్స్‌కి (కరెంటుతో వేడి చేసేవి). కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. పాలిప్ తీసిన చోటే రక్తం కారితే క్లిప్ పెట్టి ఆపినందుకు విడిగా 45382 వేయకూడదు.

పేషెంటు స్క్రీనింగ్‌కి (లక్షణాలేవీ లేకుండా ముందుజాగ్రత్తగా చేయించుకునే పరీక్ష) వచ్చాడా అన్నది కూడా చూడండి. అలా అయితే మొదటి డయాగ్నోసిస్ జెడ్12.11 ఉండాలి, మాడిఫైయర్ మెడికేర్‌కి (అమెరికా ప్రభుత్వ బీమా) పీటీ, ప్రైవేటు ఇన్సూరెన్స్‌కి చాలాచోట్ల 33. అది మర్చిపోతే పాపం పేషెంటు జేబుకే చిల్లు.

రిపోర్టులో 'పాలిప్ రిమూవ్డ్' అని మాత్రమే ఉండి, దేనితో తీశారో లేదనుకోండి, స్నేరే అయ్యుంటుందిలే అని వేసేయకండి, డాక్టరుకి క్వెరీ పెట్టండి. టార్గెట్ టెన్షన్‌లో ఫైలు ఆపడం కష్టమే, నాకూ తెలుసు.