నాన్నగారికి పొట్టలో అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) 4.6 సెం.మీ. ఉబ్బిందన్నారు, డాక్టరేమో ఆగమంటున్నారు. ఇప్పుడే స్టెంట్ వేయించేస్తే పోదా?

పోదు. మీరు రాసిన వివరాలు ఇవీ: నాన్నగారికి 68 ఏళ్లు, చాలాకాలం బీడీలు కాల్చారు, గ్యాస్ నొప్పి అనుకుని తీయించిన అల్ట్రాసౌండ్‌లో ఇది బయటపడింది, ఇప్పుడు ఏ బాధా లేదు, ఆర్నెల్లకు మళ్లీ స్కాన్ చేయించుకు రమ్మన్నారు. అంటే పట్టించుకోవట్లేదని మీ అనుమానం. ఆ డాక్టరు చెప్పింది సరైన మాట. ఈ సైజులో ఆగడమే వైద్యం, అదీ గట్టిగా పరీక్షించి తేల్చిన వైద్యం.

బ్రిటన్‌లో 4 నుంచి 5.5 సెం.మీ. మధ్య ఉన్న 1,090 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి వెంటనే ఆపరేషన్. రెండో గుంపుకి స్కాన్లు మాత్రమే, 5.5 దాటినా, ఏడాదికి సెంటీమీటరు కన్నా ఎక్కువ పెరిగినా, నొప్పి వచ్చినా అప్పుడు ఆపరేషన్. 1998లో లెక్క తేల్చి చూస్తే బతికినవాళ్ల సంఖ్యలో తేడా లేదు. వెంటనే కోసిన గుంపులో 30 రోజుల్లోపే 5.8 శాతం పోయారు. ఆగినవాళ్లలో పగిలే ప్రమాదం ఏడాదికి 1 శాతం దగ్గరే ఉంది. "మంచి సర్జన్ దొరికితే ఆ 5.8 తగ్గుతుంది కదా" అంటారేమో. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 1,136 మందితో చేసిన ట్రయల్‌లో ఆపరేషన్ మరణాలు 3 శాతం లోపే, అయినా 2002లో వచ్చిన ఫలితం మారలేదు. "కోత లేకుండా స్టెంటే కదా" అంటే దానికీ జవాబుంది. చిన్న అన్యూరిజంలకు (ధమని ఉబ్బులకు) ముందే స్టెంట్ వేసి చూసిన సీజర్, పివోటల్ అనే రెండు ట్రయల్స్ 2010, 2011లో వచ్చాయి. వాటిలోనూ ప్రాణాల లెక్కలో లాభం కనపడలేదు. ఆడవాళ్లకు మాత్రం తక్కువ సైజులోనే పగులుతుంది కాబట్టి గీత 5 దగ్గర గీస్తారు.

ఆర్నెల్లు మరీ ఎక్కువ గడువేమీ కాదు. బ్రిటన్ స్క్రీనింగ్‌లో 4.5 దాటితే మూడు నెలలకోసారి చూస్తారు, యూరప్ సర్జన్లు ఏడాదికి కూడా ఒప్పుకుంటారు.

నాకు చిరాకు తెప్పించేది కొలత సంగతి. రిపోర్టులో 4.6 అని ఒక అంకె పడేస్తారు. అది ముందు నుంచి వెనక్కి కొలిచిందా, అడ్డంగానా? గోడ లోపలి అంచు నుంచి లోపలి అంచుకా, బయటి నుంచి బయటికా? ఈ రెండు పద్ధతుల మధ్యే 3, 4 మి.మీ. తేడా వస్తుంది. ఈ సైజు అన్యూరిజం ఏడాదికి పెరిగేదే సుమారు 2, 3 మి.మీ. అంటే ల్యాబ్ మారితే చాలు, ఏడాది పెరుగుదల కాగితం మీద పుట్టేస్తుంది, ఇంటిల్లిపాదీ నిద్రపోరు. సీటీ స్కాన్‌లో ఇంకో తంటా. వయసు మీద అయోర్టా వంకర తిరుగుతుంది, వంకర గొట్టాన్ని ఏటవాలుగా కోసిన ముక్కలో కొలిస్తే సైజు ఎక్కువ చూపిస్తుంది. గొట్టం నడిమి గీతకు సరిగ్గా అడ్డంగా కొలవాలి. దీనికి ఉల్టా తప్పు ఇంకా ప్రమాదం: లోపల పేరుకున్న గడ్డను వదిలేసి రక్తం పారే దారిని మాత్రమే కొలిచి "3.2" అని రాసేవాళ్లున్నారు. పగిలేది బయటి గోడ, లోపలి దారి కాదు. కాబట్టి ప్రతిసారీ ఒకే చోట, వీలైతే ఒకే మనిషి చేత చేయించండి. ఏ పద్ధతిలో కొలిచారో రిపోర్టు మీద రాయించుకోండి.

ఇక స్టెంట్. గుండె స్టెంట్‌తో దీన్ని ఒకే గాటన కట్టేస్తారు జనం. గుండె స్టెంట్ మూసుకుపోయినదాన్ని తెరుస్తుంది. ఇది గుడ్డ తొడిగిన స్టెంట్, లోపల కొత్త దారి వేసి పాత సంచిని రక్తం ఒత్తిడికి దూరం చేయాలి. పైనా కిందా గోడకు గట్టిగా అతుక్కుంటేనే పని జరిగినట్టు. ఆ అతుకు పడేది నెక్ దగ్గర, అంటే కిడ్నీ ధమనులకు కింద, ఉబ్బు మొదలయ్యేలోపు మిగిలిన మామూలు అయోర్టా ముక్క మీద. అది 15 మి.మీ. పొడవుండాలి (కొన్ని మోడళ్లకు 10 చాలు), 60 డిగ్రీలకు మించి వంగి ఉండకూడదు, కిందికి పోయేకొద్దీ గరాటులా విచ్చుకోకూడదు, చుట్టూ సున్నం పట్టి ఉండకూడదు. నెక్ 24 మి.మీ. ఉంటే 28 పరికరం వేస్తారు, 10 నుంచి 20 శాతం పెద్దది. తక్కువైతే పక్కనుంచి రక్తం కారుతుంది, మరీ ఎక్కువైతే గుడ్డ మడతపడి ఆ మడతలోంచి కారుతుంది. గజ్జల నుంచి ఎక్కించాలి కాబట్టి తొంటి ధమనులు 6, 7 మి.మీ. వెడల్పుండాలి, బాగా సున్నం పట్టిన ధమని అయితే గొట్టం తోసేటప్పుడు చీలిపోతుంది. "మాకు స్టెంటే కావాలి" అని పట్టుబట్టేవాళ్లకు ఇదే చెప్పాలి: ఎంచుకునేది మీరు కాదు, నెక్.

నెక్ బాగోకపోతే కిడ్నీ ధమనులకు కిటికీలు పెట్టిన స్టెంట్లున్నాయి. కొలతలిచ్చి చేయించుకోవాలి, వారాలు పడుతుంది, ఖరీదూ ఎక్కువే. లేదంటే కడుపు తెరవాలి. ఈ ఆపరేషన్ పేరెత్తగానే అందరూ భయపడతారు కాబట్టి లోపల ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను.

రొమ్ము ఎముక కింద నుంచి పొత్తికడుపు దాకా నిలువు కోత. పెద్దపేగును పైకెత్తి, చిన్నపేగును తడిగుడ్డల్లో చుట్టి కుడివైపుకి నెడతారు. డుయోడినమ్‌ను (చిన్నపేగు మొదటి భాగం) అయోర్టా మీంచి మెల్లగా విడదీస్తారు. ఎడమ కిడ్నీ సిర అడ్డంగా కనబడిందంటే నెక్ దగ్గరికి వచ్చేసినట్టే. నెక్‌కి అటూ ఇటూ వెన్నెముక తగిలేదాకా వేళ్లు పోనిస్తే చాలు, వెనక్కి చుట్టి తిప్పక్కర్లేదు. తొంటి ధమనుల దగ్గరా అంతే. వాటి వెనక సిర అతుక్కుని ఉంటుంది, అత్యుత్సాహంతో చుట్టబోతే ఆ సిర చిరుగుతుంది. ధమని రక్తస్రావం కన్నా దాన్ని ఆపడమే కష్టం. అప్పుడు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ సుమారు 5,000 యూనిట్లు ఇచ్చి కొన్ని నిమిషాలు ఆగి, ముందు కింద తొంటి ధమనులకు, ఆ తర్వాత పైన అయోర్టాకు క్లాంప్ (రక్తం ఆపే పట్టకారు) వేస్తారు. వరస తిప్పితే కదిలిన గడ్డ ముక్కలు కాళ్లలోకి పోయి వేళ్లు నల్లబడతాయి.

సంచిని నిలువునా తెరిస్తే లోపల ఉల్లిపొరల్లా పేరుకున్న గడ్డ. దాన్ని చేత్తో తోడేస్తారు. వెంటనే వెనక గోడలోంచి లంబార్ ధమనుల (నడుము వైపు వెళ్లే కొమ్మల) రక్తం చిమ్ముతుంది, ఒక్కోదానికి కుట్టు పడాలి. పెద్దపేగుకి వెళ్లే ధమని నోటి నుంచి రక్తం వెనక్కి బాగా వస్తే దాన్ని కట్టేయొచ్చు, సన్నగా ఊరుతుంటే గ్రాఫ్ట్‌కి (కొత్తగా వేసే గొట్టానికి) అతకాలి, లేదంటే ఎడమవైపు పేగు చచ్చిపోతుంది. 18, 20 మి.మీ. డేక్రాన్ గొట్టాన్ని 3-0 ప్రోలీన్ దారంతో వెనక గోడ నుంచి మొదలెట్టి లోతుగా కుడతారు. ఆఖరి ముళ్లు వేసే ముందు పైనుంచీ కిందనుంచీ ఒకసారి రక్తం వదిలి ముక్కలు బయటికి కడిగేస్తారు.

అసలు ఘట్టం క్లాంప్ తీయడం. ఐదు పది నిమిషాల ముందే మత్తు డాక్టరుకి చెప్పాలి. ఆయన రక్తం, ద్రవాలు ఎక్కించి, బీపీ మందు సిద్ధం చేసుకుంటాడు. చెప్పకుండా తీస్తే, అంతసేపూ రక్తం అందని రెండు కాళ్లలోకి ఒక్కసారిగా రక్తం దిగిపోయి, అక్కడ పోగైన ఆమ్లం, పొటాషియం గుండెకి చేరి బీపీ కుప్పకూలుతుంది. అందుకే ఒక కాలు ముందు, కొంచెం కొంచెంగా. బీపీ 80కి పడితే సర్జన్ గ్రాఫ్ట్‌ని వేళ్లతో నొక్కి పట్టుకుంటాడు, కోలుకున్నాక వదులుతాడు, కుదురుకున్నాక రెండో కాలు. ఆ తర్వాత పాత సంచి గోడను గ్రాఫ్ట్ మీద కప్పి కుట్టేస్తారు. బద్ధకించి ఈ కుట్టు వదిలేస్తే గ్రాఫ్ట్ డుయోడినమ్‌కి ఒరుసుకుని, ఏళ్ల తర్వాత పేగులోకి చిల్లు పడొచ్చు. ముందు ఒక చిన్న రక్తపు వాంతి, తర్వాత పెద్దది.

మొదటి రెండు రోజుల్లో చూడాల్సినవి పాదాల వెచ్చదనం, కిలోకి గంటకు అర మి.లీ. మూత్రం, విరేచనంలో రక్తం. రక్తం పడితే ఆలోచించకుండా సిగ్మాయిడోస్కోపీ (పెద్దపేగు చివరి భాగాన్ని కెమెరా గొట్టంతో చూడటం) చేయాలి.

ఐన్‌స్టీన్‌కి ఉన్నదీ ఇదే. 1948లో సర్జన్ రుడాల్ఫ్ నిస్సెన్ చేయగలిగింది ఉబ్బు చుట్టూ సెల్లోఫేన్ చుట్టడమే. 1955లో అది పగిలినప్పుడు ఆయన ఇంకో ఆపరేషన్ వద్దన్నాడు. అప్పటికే 1951లో పారిస్‌లో సర్జన్ చార్లెస్ డ్యుబోస్ట్ ఉబ్బిన ముక్క తీసేసి దాత అయోర్టా అతికి చూపించాడు.

స్టెంట్ సులభం కాదా అంటే, మొదటి నెలలో కచ్చితంగా సులభమే. బ్రిటన్ ఈవార్-1 ట్రయల్‌లో 30 రోజుల మరణాలు స్టెంట్‌కి 1.7 శాతం, కోతకి 4.7. ప్రచారమంతా ఈ రెండు అంకెల మీదే నడుస్తోంది. అదే ట్రయల్‌ని 15 ఏళ్లు వెంబడించి 2016లో చెప్పిందేమిటంటే, 8 ఏళ్లు దాటాక స్టెంట్ వైపే మరణాలు ఎక్కువ, అందులో అన్యూరిజం వల్ల వచ్చిన అదనపు మరణాల్లో పెద్ద భాగం స్టెంట్ ఉండగానే సంచి పగలడం. ఆ పరికరాలు పాతవి, నిజమే. కొత్తవి మేలు. కానీ రక్తం కారే దారులు మారలేదు. పైనా కిందా అతుకు దగ్గర కారినా, స్టెంట్ ముక్కల జాయింట్ దగ్గర కారినా వెంటనే సరిచేయాలి. లంబార్ ధమనుల నుంచి వెనక్కి ఊరేదైతే సంచి పెరగనంతవరకూ చూస్తూ ఊరుకోవచ్చు. ఇవేవీ నొప్పి పెట్టవు, స్కాన్‌లోనే దొరుకుతాయి. అందుకే స్టెంట్ వేసిన నెల రోజులకి ఒక సీటీ స్కాన్, ఏడాదికి ఇంకోటి, తర్వాత బతికున్నంతకాలం ఏటా డాప్లర్ అల్ట్రాసౌండ్. మన దగ్గర మొదటి ఏడాది తర్వాత మళ్లీ మొహం చూపించరు. 60 ఏళ్లవాడై గుండె, ఊపిరితిత్తులు బాగుండి, ఏటా స్కాన్‌కి రాడని తెలిసిన మనిషికి నా ఓటు కోతకే. 80 దాటినవాళ్లకు, నెక్ బాగుంటే, స్టెంట్.

ఈలోపు మందుతో కరగదా అని అడుగుతారు. కరగదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మీద చాలా ఆశలు పెట్టుకున్నారు. రోజుకి రెండుసార్లు 100 మి.గ్రా. రెండేళ్లు ఇచ్చి చూస్తే పెరుగుదల ఏమాత్రం తగ్గలేదని 2020లో తేలింది. షుగర్ ఉన్నవాళ్లలో ఇది నెమ్మదిగా పెరుగుతుందన్నది వింతే గానీ నిజం, షుగర్ మందు మెట్‌ఫార్మిన్ మీద ప్రయోగాలు అందుకే. నిజంగా పనిచేసేది బీడీ మానడం, బీపీ అదుపు, గుండె కోసం స్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు). సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఇలాంటి ఉబ్బు ఉన్నవాళ్లకు, వేరే దారి ఉన్నప్పుడు, వద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. మందుల షాపులో విరేచనాలకని చేతిలో పెట్టేది ఎక్కువగా ఇవే, జాగ్రత్త.

హఠాత్తుగా నడుములోనో ఎడమ పక్కనో నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం వస్తే ఊళ్లో ఇంజెక్షన్ చేయించుకుంటూ కూర్చోకండి. కిడ్నీలో రాయి అని పంపించేసిన కేసులు లెక్కలేనన్ని. అరవై దాటిన మనిషికి మొదటిసారి "రాయి నొప్పి" వచ్చిందంటే ముందు అయోర్టా చూడాలి. ఇంకో పొరపాటు, బీపీ తక్కువుందని సెలైన్ బాటిళ్లు వరసగా ఎక్కించడం. మనిషి స్పృహలో ఉండి మాట్లాడుతుంటే పై బీపీ 70 నుంచి 90 చాలు. దాన్ని 130కి లేపితే అప్పటిదాకా పొట్ట వెనక భాగంలో అణిగి ఉన్న రక్తస్రావం కడుపులోకి తెగుతుంది. రిపోర్టు ఫొటో మీ ఫోన్‌లోనూ, ఆయన ఫోన్‌లోనూ ఉంచుకోండి. క్యాజువాలిటీలో మొదట అదే చూపించండి.

వచ్చే స్కాన్ రోజున మోకాళ్ల వెనక కూడా చూడమనండి. పొట్టలో ఉన్నవాళ్లలో కొందరికి అక్కడా ఉంటుంది. అది పగలడం అరుదు, గడ్డకట్టి కాలు తీసేయాల్సి రావచ్చు. నాన్నగారి అన్నదమ్ములకు, 50 దాటాక మీకూ అల్ట్రాసౌండ్ తీయించండి. పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్లండి, గ్యాస్ ఉంటే అయోర్టా కనపడదు.