పుట్ అప్: పైకెత్తడమా, లోపల పెట్టడమా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే మాట చుట్టూ తిరిగాయి. ఆ మాట ఇంగ్లీషు వాళ్ళ 'పుట్ అప్'. తక్కిన ప్రశ్నలను వచ్చే సంచికకు 'పుట్ ఆఫ్' చేసి, ఇవాళ దీని సంగతే చూద్దాం.

ప్రశ్న: మా ఇంట్లో తాతగారి కాలంనాటి ఇంగ్లీషు బైబిలు ఉంది. మత్తయి సువార్త 26వ అధ్యాయం 52వ వచనంలో యేసు 'పుట్ అప్ ఎగైన్ దై సోర్డ్' అంటాడు. పుట్ అప్ అంటే పైకి పెట్టడం కదా, కత్తి ఎత్తమన్నట్టు ఉంది. తెలుగు బైబిల్లో చూస్తే 'నీ కత్తి వరలో తిరిగి పెట్టుము' అని ఉంది. ఏది సరి? (ఒక పాఠకురాలు, పర్లాకిమిడి)

రెండూ సరే. మీ ఇంట్లో ఉన్నది 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ అనువాదం. ఆ రోజుల్లో కత్తిని 'పుట్ అప్' చేయడమంటే ఒరలో పెట్టేయడమే. ఇదే ఘట్టం యోహాను 18వ అధ్యాయం 11వ వచనంలో వచ్చినప్పుడు 'ఇంటు ద షీత్' అని, అంటే ఒరలోకి అని, విడమరిచి చెప్పారు. అక్కడ అనుమానానికి తావు లేదు.

చిక్కంతా 'అప్' దగ్గరే. దాన్ని ప్రతిచోటా 'పైకి' అని చదివితే దారి తప్పుతాం. మనం 'తినెయ్', 'కట్టెయ్', 'మూసెయ్' అంటాం. అందులో 'వెయ్' ఉంది కదా అని ఎక్కడ వెయ్యాలో ఎవరూ అడగరు. పని పూర్తిగా అయిపోవాలని మాత్రమే అది చెబుతుంది. 'ఈట్ అప్', 'లాక్ అప్', 'షట్ అప్'లలో 'అప్' చేసే పని కూడా అదే. 'పుట్ అప్'లో ఇంకో ఛాయ కలుస్తుంది: బయట ఉన్నదాన్ని దాని చోట చేర్చి, కంటికి కనబడకుండా చేయడం. ఇప్పటి ఇంగ్లీషులో ఈ అర్థానికి 'పుట్ అవే' అంటున్నారు.

1608లో అచ్చయిన షేక్స్పియర్ నాటకం 'కింగ్ లియర్'లో గ్లోస్టర్ కొడుకును అడుగుతాడు: 'వై సో ఎర్నెస్ట్లీ సీక్ యూ టు పుట్ అప్ దట్ లెటర్?' కొడుకు ఉత్తరాన్ని పైకి ఎత్తి చూపించడం లేదు. తండ్రి కంటపడకుండా జేబులో కుక్కుకుంటున్నాడు. దీనికి తోబుట్టువు లాంటిది 'ఒథెల్లో' మొదటి అంకంలో ఉంది: 'కీప్ అప్ యువర్ బ్రైట్ సోర్డ్స్, ఫర్ ద డ్యూ విల్ రస్ట్ దెమ్.' కత్తులు ఎత్తి పట్టుకోమని అర్థం చెప్పుకుంటే పప్పులో కాలేసినట్టే. మంచు తగిలితే తుప్పు పడతాయి, ఒరలోనే ఉంచండి అంటున్నాడు ఒథెల్లో.

అయితే ఈ మాటకు ఎదురుదారి కూడా ఉంది. లోపల ఉన్నదాన్ని పదిమంది కళ్ళ ముందుకు తెచ్చినా 'పుట్ అప్' అనే అంటారు. సరుకు అమ్మకానికి పెడితే 'పుట్ అప్ ఫర్ సేల్'. పొదలో నక్కిన కుందేలునో కౌజునో వేటకుక్క లేపితే ఆ కుక్క దాన్ని 'పుట్ అప్' చేసింది అంటారు. గోడమీద నోటీసు అంటించడం, ఎన్నికల్లో అభ్యర్థిని నిలబెట్టడం కూడా ఈ కోవలోవే. కాబట్టి పాత పుస్తకంలో ఈ మాట తగిలితే ముందు ఒక్కటి చూడండి: వస్తువు కళ్ళ ముందుకు వస్తోందా, కనుమరుగవుతోందా? సగం అర్థం అక్కడే తేలిపోతుంది.

ప్రశ్న: మా భూమి దావా బరంపురం కోర్టులో నడుస్తోంది. ఆర్డర్ షీటులో ప్రతిసారీ 'పుట్ అప్ ఆన్' అని రాసి తేదీ వేస్తారు. శ్రీకాకుళంలో మా వియ్యంకుల దావా కాగితాల్లో 'కాల్ ఆన్' అని ఉంటుంది. రెండూ ఒకటేనా? పైగా మా ఆఫీసులో ఫైలు 'పుటప్ చెయ్యి' అంటారు. అదీ ఇదేనా? (ఒక గుమాస్తా, బరంపురం)

మీ దావా వరకు రెండూ వాయిదా తేదీలే. మాట ఎవరిని ఉద్దేశించిందన్నదే తేడా. 'పుట్ అప్ ఆన్ ఫలానా తేదీ' అన్నది కోర్టు సిబ్బందికి చెప్పే మాట: ఆ రోజు ఈ రికార్డు తీసి నా ముందు పెట్టండి అని. 'కాల్ ఆన్' అంటే ఆ రోజు ఈ కేసు పిలవండి అని. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సు అయ్యేదాకా బరంపురం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఇవాళ ఇచ్ఛాపురం దాటితే వాయిదా మాట కూడా మారుతోంది.

ఆర్డర్ షీటులో మీరు గమనించాల్సినవి మూడు. 'పుట్ అప్ లేటర్' అని ఉంటే అది ఇంకో తేదీ కాదు, ఆ రోజే కాసేపాగి మళ్ళీ తీసుకుంటారని. టీ తాగడానికి దూరం వెళ్ళకండి. 'పుట్ అప్ ఫర్ హియరింగ్' అంటే వాదనలు వినడానికి. 'పుట్ అప్ ఫర్ ఆర్డర్స్' అంటే ఆ రోజు ఉత్తర్వు కోసం పెడుతున్నారని. ఈ మూడోదాన్ని వాదనల వాయిదా అనుకుని కాగితాలు అప్పుడు దాఖలు చేద్దామని ఆగితే ఆలస్యమవుతుంది. ముందుగానే మీ వకీలును అడగండి.

ఆఫీసు 'పుటప్' కూడా ఈ కుటుంబంలోదే. దేవుడికి ప్రార్థన, రాజుకు అర్జీ 'పుట్ అప్' చేయడం 17వ శతాబ్దపు ఇంగ్లీషులో ఉన్నదే. కిందివాడు పైవాడి ముందు పెట్టుకోవడమన్నమాట. ఇక్కడ మాత్రం 'అప్' నిజంగా పైకే! మన దేశపు కచేరీలు దాన్ని ఫైలుకు తగిలించాయి. తెలుగులోకి వచ్చేసరికి రెండు ముక్కలూ అతుక్కుని 'పుటప్' అనే ఒక్క మాటయింది.

ఆఫీసరు 'పుట్ అప్' అని రాశాడంటే కాగితం ఒక్కటి బల్లమీద పెట్టమని కాదు. పరిశీలించాల్సిన కాగితానికి ఫ్లాగు, అంటే గుర్తు చీటీ, ఉండాలి. దానికి ముందు నడిచిన ఉత్తరాలు జతచేయాలి. వర్తించే నియమం నకలు పెట్టాలి. నోటులో పేరాలకు అంకెలు వేసి, చివర ఏం చేయవచ్చో సూచించాలి. జవాబు పంపాల్సి ఉంటే చిత్తుప్రతి కూడా కలపాలి. వీటిలో ఒకటి లేకపోయినా ఫైలు 'పుట్ అప్ విత్ ప్రీవియస్ పేపర్స్' అన్న రాతతో వెనక్కి వస్తుంది. 'పుట్ అప్ విత్'కు సహించడమన్న అర్థమూ ఉంది కానీ, పాత కాగితాలను ఓర్చుకోమని కాదు సుమా దీని అర్థం, వాటితో కలిపి పెట్టమని.

ఒక జాగ్రత్త. ఈ వాడుక మన దేశపు ఆఫీసులది. బయటి దేశాల వారికి రాసే ఉత్తరంలో 'ద ఫైల్ వాజ్ పుట్ అప్' అంటే ఫైలును గోడకు తగిలించారా అని వాళ్ళు తికమక పడతారు. అక్కడ 'సబ్మిటెడ్' అని రాయండి.

ప్రశ్న: 'పుట్ అప్ విత్' అంటే సహించడం అని బట్టీ పట్టాం. పెట్టడానికీ సహించడానికీ ఏం సంబంధం? 'కోప్ అప్ విత్' అని రాస్తే పరీక్షలో తప్పు వేశారు. ఎందుకు? (ఒక విద్యార్థిని, గుణుపురం)

పర్లాకిమిడి వారికి చెప్పిన కత్తి దగ్గరికే మళ్ళీ వెళ్ళాలి. అవమానం జరిగింది. మగవాడైతే కత్తి దూయాలన్నది ఆనాటి లెక్క. దూయకుండా ఒరలో పెట్టేస్తే, జేబులో దాచేస్తే, పగ తీర్చుకోకుండా మింగేసినట్టు. 1594లో అచ్చయిన షేక్స్పియర్ 'టైటస్ ఆండ్రోనికస్'లో చక్రవర్తి అంటాడు: బహిరంగంగా పరువు పోగొట్టుకుని 'బేస్లీ పుట్ ఇట్ అప్ వితవుట్ రివెంజ్' చేయాలా అని. 'ఒథెల్లో' నాలుగో అంకంలో రోడరిగో కూడా ఇంతవరకు పడ్డదాన్ని ఊరకే 'పుట్ అప్ ఇన్ పీస్' చేయనంటాడు. చూశారా, రెండుచోట్లా 'విత్' లేదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ఈ 'పుట్ అప్'కు ఇచ్చిన అర్థం పగ తీర్చుకోకుండా వదిలేయడమనే. 'విత్' చేరిన రూపం 18వ శతాబ్దంలో స్థిరపడింది. తర్వాత పాతది రాలిపోయింది. ఇవాళ 'ఐ పుట్ అప్ ద ఇన్సల్ట్' అంటే ఎవరికీ అర్థం కాదు.

తమాషా ఏమిటంటే, మనం అవమానాన్ని దిగమింగుతాం, వాళ్ళు 'అప్' చేస్తారు. దిక్కులు వేరు, చేరే చోటు ఒకటే: లోపలికి.

జాన్సన్ తన ముందుమాటలోనే ఒప్పుకున్నాడు: క్రియకు చిన్న మాట తగిలించి అర్థం మార్చేయడం ఇంగ్లీషులో మరీ ఎక్కువ, పరాయి భాషల వాళ్ళకు అన్నిటికన్నా కష్టం ఇదేనని. వీటికి 'ఫ్రేజల్ వర్బ్' అన్న పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చింది. ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ తానే చెప్పాడు. 'టాలరేట్' లాటిన్ నుంచి వచ్చిన పెద్దమాట, 'పుట్ అప్ విత్' నోటిమాట. మనకు 'సహించు', 'పడు' ఉన్నట్టు. 'ఎన్నని పడను?' అన్నదాన్ని 'ఎన్నని సహింతును?' అంటే నాటకంలా ఉంటుంది. వాడుకమాటకు రాతలో చోటు కావాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది మీ పక్క పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన రోజుల్లోనే కదా.

ఇక పరీక్ష సంగతి. మూడు మాటలనూ విడదీయకండి. 'పుట్ అప్ విత్ ద హీట్' సరి, 'పుట్ ద హీట్ అప్ విత్' తప్పు. తర్వాత క్రియ వస్తే 'ఇంగ్' రూపంలోనే: 'పుట్ అప్ విత్ వెయిటింగ్'. 'టు వెయిట్' అనకూడదు. భూతకాలంలోనూ 'పుట్' అనే. నొక్కి పలకాల్సింది 'అప్'ను. 'విత్' లేని మామూలు 'పుట్ అప్' మాత్రం విడిపోతుంది: 'పుట్ అప్ ద టెంట్', 'పుట్ ద టెంట్ అప్' రెండూ ఒప్పే. కానీ సర్వనామం వస్తే మధ్యలోనే కూర్చోవాలి: 'పుట్ ఇట్ అప్'. 'పుట్ అప్ ఇట్' తప్పు.

'కోప్'కు 'అప్' అక్కర్లేదు. 'కోప్ విత్' అంటే చాలు. 'పుట్ అప్ విత్', 'కీప్ అప్ విత్' నాలుకకు అలవాటై ఆ 'అప్' ఇందులోకీ దూరింది. మార్కు పోయినందుకు బాధపడకండి, పెద్ద పెద్ద ఉద్యోగులు కూడా ఇలాగే రాస్తుంటారు.

వాక్యం చివర 'విత్' రాకూడదన్న నియమాన్ని వెక్కిరిస్తూ 'అప్ విత్ విచ్ ఐ విల్ నాట్ పుట్' అని చర్చిల్ రాశాడని గైడ్లలో ఉంటుంది. ఆయన రాశాడనడానికి ఆధారం లేదు. జవాబుపత్రంలో ఆయన పేరు వేయకండి.

ప్రశ్న: బయోడేటాలో 'ప్రెజెంట్లీ పుట్ అప్ ఎట్ రాయగడ' అని రాశాను. బాగుందా? (ఒక నిరుద్యోగి, రాయగడ)

మార్చండి. 'పుట్ అప్' అంటే దిగడం, బస చేయడం. మొదట గుర్రాన్ని సత్రం శాలలో కట్టేయడం, ఆ వెనకే దాని మీద వచ్చిన మనిషి ఆ సత్రంలోనే రాత్రి గడపడం. 'ఎక్కడ దిగారు?' అని మనం అడిగే చోట మాత్రమే అది నప్పుతుంది. మీరు అక్కడే కాపురం ఉంటున్నారు కాబట్టి 'లివింగ్ ఇన్' రాయండి. అఫిడవిట్‌లోనైతే 'రిసైడింగ్ ఎట్'. కొన్నాళ్ళకే ఉన్నారంటే 'ఎట్ ప్రెజెంట్ స్టేయింగ్ ఎట్'.

ఇంకోటి. మేనమామ ఇంట్లో దిగామని చెప్పబోయి 'వి పుట్ అప్ విత్ అవర్ అంకుల్' అనకండి. పాత ఇంగ్లీషులో చెల్లేది. ఇవాళ మేనమామను ఎలాగో భరించామని అర్థమవుతుంది. 'అవర్ అంకుల్ పుట్ అస్ అప్' అంటే ఆయన మర్యాద దక్కుతుంది.

ప్రశ్న: డికెన్స్ 'ఆలివర్ ట్విస్ట్'లో దొంగతనం గురించి 'పుట్ అప్ జాబ్' అని ఉంది. అంటే? (ఒక పాఠకుడు, ఛత్రపురం)

ఇంటిదొంగ సాయంతో ముందే పన్నిన పని. ఆ నవలలో వచ్చిన పోలీసు అధికారే అక్కడున్న ఆడవాళ్ళకు వివరిస్తాడు, నౌకర్ల చెయ్యి ఉంటే దాన్ని అలా అంటామని. అది దొంగల భాష. 1812లో జేమ్స్ హార్డీ వాక్స్ రాసిన దొంగభాష పదకోశంలో 'పుట్ అప్ అఫైర్' ఉంది, యజమాని ఇంటి ఆనవాళ్ళు చెప్పే నౌకరుకు 'పుటర్ అప్' అన్న పేరూ ఉంది. ఇప్పుడు దొంగతనమే కానక్కర్లేదు. ముందే కూడబలుక్కుని నడిపిన ఏ నాటకానికైనా వాడతారు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి పంపిన వంటల పుస్తకంలో 'పుట్ అప్ టూ క్వార్ట్స్ ఆఫ్ టొమాటోస్' అని ఉంది. అటకమీద పెట్టమనా? (ఒక గృహిణి, జయపురం)

కాదమ్మా. ఏడాది పొడుగునా నిలవ ఉండేట్టు సీసాల్లో మూతపెట్టి దాచమని. మనం ఆవకాయ 'పెట్టాం' అంటాం చూడండి, అచ్చం అదే. అమెరికా క్వార్టు సుమారు 946 మిల్లీలీటర్లు, కాబట్టి రెండు క్వార్టులకు ఒక్కో లీటరు పట్టే సీసాలు రెండు సరిపోతాయి. అయితే వాళ్ళు పెట్టేది మనలా ఉప్పూ నూనే పోసి కాదు, మూత బిగించిన సీసాను మరిగే నీళ్ళలో ఉంచి. పుస్తకంలో రాసిన నిమిషాలు తగ్గించకండి. నిమ్మరసం కలపమని ఉంటే మానకండి, టమాటా పులుపు ఒక్కటీ చాలక సీసా లోపల పాడయ్యే ప్రమాదం ఉంది.